జేబుదుర్గ భేదనము

వినుడు రసికులారా! సూర్యుడు విద్యాలయపు అద్దాలపై కిరణబాణవర్షము కురిపించుచుండ, శీతలయంత్ర ఘుర్ఘురధ్వానములకు దిక్కులు పిక్కటిల్లుచుండ, కంప్యూటరు విద్యకును కవిత్వమునకును పెండ్లి చేసిన శాఖలోని చీకటిగదియందు మహాసంగ్రామమునకు ముహూర్తము కుదిరెను.

కథానాయిక నాట్యధురంధర, కోడులేఖన చతుర, వట్టి కాఫీ మీదనే ప్రాణములు నిలుపుకొన్న పీజీ విద్యార్థిని. ఆమె తపఃఫలము గోడపై పద్యరూపమున వెలుగుచుండెను. ఎదుట నిలిచినవారు రెండు చేతులెత్తుట కెమెరా కంటబడినంతనే అక్షరములు పక్షులై ఎగురవలెను. పరీక్షకుడు మెచ్చినచో పట్టా. లేనిచో మరొక ఏడాది అదే గది, అదే విరిగిన కుర్చీ. పరిశోధన పద్ధతిని గూర్చి ఆయనకు ఎంతయైన చెప్పవచ్చును గాని, ఎట్లు కదలవలెనో చెప్పరాదని నియమము.

అంతట విచ్చేసెను పరీక్షకుడు, గంభీరవదనుడు, ఉభయహస్తములను ప్యాంటు జేబులనెడి దుర్గములందు దాచుకొన్న మహాయోధుడు! అక్షరములు కదలలేదు. ఇన్నాళ్లును ఆ గోడపద్యమును పరీక్షించినవారందరు ఆమె నాట్యమిత్రులే. ఊరక నిలువుమన్నను చేతులెత్తి నిలుచువారే! జేబుల సంగతి ఆమెకు కలలోనైన తట్టలేదు.

కరచాలనాస్త్రము ప్రయోగించెను, ఆయన చేయి తీయక తల మాత్రము పంకించెను. నీళ్లసీసా అందింపబోయెను, దాహము లేదనెను. వెనుకనున్న సీనియరు నిట్టూర్చి, ఇంకో ఏడాది తప్పదేమోనని గొణిగెను.

"ఆగక్కా, నా థీసిస్ మూడో అధ్యాయం ఉందిగా. దానికి మా గైడుగారే రెండుసార్లు కునికారు," అని గుసగుసలాడి, భుజబలమున కానిది కంఠబలమున సాధింతునని ఆ వీరనారి మనసున శపథము పూని, బిగ్గరగా చదువ నారంభించెను. సమాచార సేకరణ విధానము! దాని ఉపవిభాగము! ఉపవిభాగమునకు ఉపవిభాగము! పరీక్షకుని రెప్పలు వాలెను. దవడ కదలెను గాని, ఆయన పండ్లు బిగించి నిగ్రహించుకొనెను. ఆమె జాలి చూపలేదు. పట్టికలను సయితము వరుస తప్పక చదివెను.

అంతట జేబుదుర్గములు బీటలు వార, బాహుద్వయము బయల్వెడలి మింటి కెగయ, పరీక్షకుడు ఒళ్లు విరుచుకొని ఆవులించెను! అక్షరములన్నియు ఒక్కుమ్మడిగా రెక్కలు విప్పి ఎగిరెను. ఆమెకు ఏడుపును నవ్వును కలిసి వచ్చెను.

"ఇవి... నేనే ఎగరేశానా?" అని ఆయన మెల్లగా అడిగెను.

ఆమె తలయూపెను. ఆయన తలుపు వైపు ఒకమారు చూచుకొని దొంగ ఆవులింత యొకటి తీసెను. అక్షరములు మరల ఎగిరెను. ఆపై నటన కూడ మాని, చిన్నపిల్లవానివలె చేతులూపుచు గది నాలుగు మూలలు తిరిగెను.

ఉత్తీర్ణతా పత్రముపై సంతకము పెట్టుచు, "ఆ మూడో అధ్యాయం మాత్రం కాస్త తగ్గించమ్మా," అనెను.

అష్టదిక్కులును ఆలకించుగాక! ఒక ఆవులింత సాధింపబడెను. రెండు చేతులు జేబులనుండి విముక్తములయ్యెను!