పొదకి బదిలీ ఉత్తర్వు

ఒక పెద్ద అడవిలో, అంటే మరీ పెద్దదనుకునేరు, మూడడుగుల గాజుతొట్టిలో, చేపలకి అదే దండకారణ్యం లెండి, వన సుందరీకరణ సంఘమని ఒకటుండేది. దాని అధ్యక్షుడు పసిడయ్య అనే గోల్డ్ ఫిష్. ఎక్కడికెళ్లినా ముందు పొట్ట వచ్చేది, వెనకాల ఆయన వచ్చేవాడు.

ఉపాధ్యక్షుడు జిగురప్ప, సక్కర్ చేప. గాజుకి మూతి అంటించి బతకడం వాళ్ల వంశాచారం. ఈమధ్య గాజు మానేసి అధ్యక్షుడికి అంటుకున్నాడు. గుమాస్తా శంఖయ్య, నత్త. ఆఫీసు పనులు నత్తనడక నడుస్తున్నాయని ఎవరైనా అంటే, "మరింకెవరి నడక నడవమంటారండీ?" అనేవాడు పాపం.

వెనక మూల దట్టమైన పొద ఒకటుంది. అందులో చుక్కమ్మ అనే గప్పీ చేప కాపురం. ఇప్పుడు నిండు చూలాలు. గప్పీలు గుడ్లు పెట్టవు, ఏకంగా పిల్లల్నే కంటాయి. ఆ పిల్లలు దాక్కోడానికి పొద ఉండాలి. కిందటి కాన్పులో పొద ఇంకా పలచగా ఉండగానే ముప్ఫైమంది పుట్టారు. అందర్నీ పసిడయ్య ఫలహారం చేసేశాడు. ఆ సంగతి అడవంతా ఎరుగును, పైకి ఎవరూ అనరు.

సోమవారం సమావేశంలో పసిడయ్య గొంతు సవరించుకున్నాడు.

"మనది గాజు అడవి. పారదర్శకతే మనకి ప్రాణం. ఆ మూల పొదలో ఏం జరుగుతోందో నాకు కనపడ్డం లేదు. అది దాపరికం కాదూ?"

"ముమ్మాటికీ దాపరికమే!" అన్నాడు జిగురప్ప.

"అందుచేత పొదని ముందు వైపుకి బదిలీ చేస్తున్నాం. ఒక్కో కాడా విడదీసి బెత్తెడు ఎడంగా నాటాలి."

చుక్కమ్మ పొదలోంచి గబగబా ఈదుకొచ్చింది. "బాబుగారూ, ఒక్క వారం ఆగండి. నెలలు నిండాయి. పురుడయ్యాక మీ ఇష్టం."

"ఓసి పిచ్చిదానా! నీ పిల్లలంటే నాకెంత ఇష్టమో నీకు తెలీదూ?"

"తెలుసు బాబూ. అందుకే అడుగుతున్నాను."

శంఖయ్య నెమ్మదిగా అందుకున్నాడు. "వేళ్లు పట్టిన మొక్కని పెరికితే ఆకు కుళ్లుతుందండీ. ఆ రాతిమీద లావుపాటి ఆకుల మొక్క, అదే లావాకు మొక్క ఉంది చూశారా, దాని మొదలు ఇసుకలో అసలు పూడ్చకూడదు."

"నీ ఫైలు నువ్వు మొయ్యవయ్యా!"

"మోస్తూనే ఉన్నానండీ, పుట్టినప్పట్నించీ."

ఇంకేం, పని మొదలైంది. నోటితో ఇసుక తవ్వడం పసిడయ్యకి పుట్టుకతో వచ్చిన విద్య. ఆయన పెరికాడు, జిగురప్ప ఈడ్చాడు. లావాకు మొక్కని మెడలోతు పూడ్చి "శాశ్వత నియామకం" అని ప్రకటించారు. వెనక మూల బోడిగుండైంది. చుక్కమ్మ ఆ బోడిమూలలోనే కూచుని ఏడ్చింది. నీళ్లలో ఏడిస్తే ఎవరికి కనపడుతుంది చెప్పండి?

మూడోరోజుకి ఆకులు పసుపు తిరిగాయి. "కొత్త చోట పనితీరు బాగాలేదు" అని మొక్కలన్నిటినీ కుడివైపుకి మళ్లీ బదిలీ చేశారు. మర్నాడు ఎడమవైపుకి. అయిదోరోజుకి కాడలు చీకిపోయి నీళ్లు బియ్యం కడిగిన కుడితిలా తయారయ్యాయి. ఎవడి మూతి వాడికి కనపడదు.

సరిగ్గా ఆరోజే చుక్కమ్మ ప్రసవించింది. ఇరవై ఆరుమంది!

పసిడయ్య నోరు బార్లా తెరుచుకుని కుడితంతా గాలించాడు. ఏదో మెత్తగా తగిలితే గబుక్కున కొరికాడు.

"అయ్యో అయ్యో, నా తోకండీ!" జిగురప్ప కేక పెట్టాడు.

"తెలుసులేవయ్యా, తనిఖీ చేస్తున్నాను."

ఆరోరోజు పొద్దున్నే పైనుంచి చెయ్యి దిగింది. రోజూ మేత వేసే చెయ్యే. సగం నీళ్లు తోడి కొత్తవి పోసింది. కుళ్లిన కాడలు కత్తిరించి పారేసింది. బతికున్న కొసలన్నీ కూడదీసి వెనక మూలే దట్టంగా నాటింది. లావాకు మొక్కని పైకి లాగి దారంతో రాతికి కట్టింది. ఇసుకలో పసిడయ్య నోటి గుంటలు వేలితో తడిమి చూసింది. తర్వాత వల దింపింది.

"నాకా? నాకు బదిలీయా?" పసిడయ్య వలలో గిలగిల్లాడాడు. "నా వేళ్లన్నీ ఇక్కడే ఉన్నాయి! ఒరే శంఖయ్యా, ఒక్క వారం ఆగమని చెప్పరా!"

"ఉత్తర్వు పైనుంచి వచ్చిందండీ," అన్నాడు శంఖయ్య. అతని జీవితంలో మొదటిసారి ఒక ఫైలు ఒక్క పూటలో కదిలింది.

పసిడయ్యని వరండాలో సిమెంటు కుండీలో వేశారు. దాని గోడల్లోంచి ఏమీ కనపడదు.

చుక్కమ్మ పిల్లల్ని పొదలోకి తోలి లెక్కపెట్టుకుంది. ఇరవై ఆరుమందీ ఉన్నారు. ఆనందం పట్టలేక రెండోసారి లెక్కపెడుతుంటే, కొరికించుకున్న తోకతో జిగురప్ప వచ్చి పక్కన అంటుకున్నాడు.

"పొదంటే ఇలా ఉండాలి చుక్కమ్మగారూ! నేను మొదట్నుంచీ ఇదే చెబుతున్నాను!"

నీతి: అడవి గాజుదైతే చాలదు, అధ్యక్షుడి పొట్ట కూడా గాజుదై ఉండాలి.