ఓడ ఎక్కని మొగుడు

సౌతాంప్టన్ దాటిన రెండో రోజు పొద్దున్న మేవిస్ థ్రెల్‌ఫాల్ పెట్టుకున్న పని ఒక్కటే. అందరికంటే ముందు పైకి వెళ్లి, ఓడ వెనక పొగగొట్టం చాటున గాలి తగలని మూలలో ఉండే కుర్చీని పట్టుకోవాలి. పట్టుకున్నాక భోజనాల వేళ దాకా వదలకూడదు. మదీరా చేరేదాకా నీళ్లు తప్ప మరేమీ కనబడవు కాబట్టి, ఆ కుర్చీ దొరికినవాళ్లది ప్రయాణం, దొరకనివాళ్లది ఒట్టి రవాణా అని ఆవిడ అభిప్రాయం.

ఓడల గురించి ఆవిడకు అభిప్రాయాలు చాలానే ఉన్నాయి. ప్రెస్టన్‌లో ఇల్లు అమ్మేసి చిన్న ఫ్లాట్‌లోకి మారిన దగ్గర్నుంచి ఏడాదిలో సగం రోజులు సముద్రం మీదే గడుపుతోంది. కేబిన్ ఎప్పుడూ కింది అంతస్తులో, ఓడ నడిమధ్యన తీసుకోవాలి, ఊపు తక్కువ. మందులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోవాలి. పెద్ద పెట్టె ఏ సాయంత్రానికి చేరుతుందో దేవుడికే తెలియదు. మొదటి రాత్రి భోజనాల బల్ల దగ్గర ఎవరితోనూ మరీ కలివిడిగా ఉండకూడదు. ఉంటే ఆ రెండు వారాలూ వాళ్ల మనవల ఫొటోలు చూస్తూ కూర్చోవాలి. ఈ సలహాలన్నీ అడిగినవాళ్లకూ చెబుతుంది, అడగనివాళ్లకూ చెబుతుంది.

ఎవరికీ చెప్పని సలహా ఒకటుంది. ఒంటరిగా వచ్చానని మాత్రం ఎవరితోనూ అనకూడదు.

భర్త క్లిఫర్డ్ చనిపోయిన ఏడాది, మొదటి ప్రయాణంలో, అడిగినవాళ్లకు నిజమే చెప్పింది. విన్నవాళ్లందరి తలలూ జాలిగా ఒకే పక్కకు వాలాయి. మర్నాడు ఆవిడను ఒంటరి ప్రయాణికుల కాఫీ సమావేశానికి లాక్కెళ్లారు. ఓడలో పనిచేసే అమ్మాయి ఒకతె అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, చప్పట్లు కొట్టించి, ఎవరికి ఏ బిస్కెట్ ఇష్టమో ఒక్కొక్కరినీ చెప్పమంది. మేవిస్ చెప్పింది. మళ్లీ ఆ వైపు పోలేదు. ఆ తర్వాతి ప్రయాణం నుంచి ఎవరు అడిగినా "మా ఆయన కేబిన్‌లో ఉన్నారు" అనడం మొదలుపెట్టింది. పొద్దున్నే రెండు కప్పుల టీ తెప్పించుకునేది. మంచానికి అటు పక్కన ఆయన చెప్పుల జత పెట్టేది. టీ అంటే చూసేవాళ్ల కోసం. చెప్పులు ఎవరి కోసమో ఆవిడ ఎప్పుడూ ఆలోచించుకోలేదు.

ఆ పొద్దున్న కేబిన్ తలుపు వేసి బయటికి రాగానే, పక్క కేబిన్ రోవీనా నడవాలో గోడ పట్టుకుని నిలబడి కనిపించింది. ఓడ ఎక్కడం ఆమెకు అదే మొదటిసారి. మొహం పచ్చిబఠానీ రంగులో ఉంది.

"పుల్ల ఆపిల్ ఒకటి తిను అమ్మాయ్. దాంతో పాటు ఒట్టి బిస్కెట్. పైకెళ్లి ఆకాశం, నీళ్లు కలిసే గీత చూస్తూ కూర్చో. కిటికీలు లేని ఆ బార్‌లోకి మాత్రం అడుగుపెట్టకు."

"మీకెన్ని తెలుసండీ! ఇంతకీ మీ ఆయన ఏరీ? ఎక్కిన దగ్గర్నుంచి ఒక్కసారన్నా కనబడలేదు."

"కేబిన్‌లో ఉన్నారు. చదువుకుంటున్నారు."

"మా ఆయన లెస్‌ కూడా తోచక నా ప్రాణం తీస్తున్నాడు. డామినోలు ఇచ్చి పంపిస్తానుండండి. ఇద్దరూ ఆడుకుంటారు."

"వద్దొద్దు," అంది మేవిస్ గాభరాగా. "ఆయనకి కడుపులో బాగోలేదు."

ఓడ మీద పైకి అనకూడని మాటలు రెండు. ఒకటి మంట, రెండోది కడుపు, రెండూ ఓడంతా పాకేవే. ఎంతోమందికి ఆ సంగతి చెప్పిన మనిషే, కుర్చీ పోతుందన్న తొందరలో ఆ మాట అనేసి మెట్లెక్కి వెళ్లిపోయింది.

రోవీనా మంచి మనిషి. మంచి మనుషులు ఊరుకోరు. వెంటనే కిందికి ఫోన్ చేసి, పక్క కేబిన్‌లో పాపం ఓ పెద్దాయన కడుపు చెడి రెండు రోజులుగా బయటికే రాలేదు, కాస్త అల్లం టీ పంపండి అంది. అల్లం టీ రాలేదు. ముక్కూ నోరూ కప్పుకున్న డాక్టరూ నర్సూ వచ్చారు. ఆ వరుస కేబిన్లు సర్దే రొడెల్‌ను నడవాలో ఆపారు.

"లోపలున్న ఆయన్ని చూశావా?" అన్నాడు డాక్టర్.

"లేదండీ. ఎప్పుడెళ్లినా స్నానాల గదిలో ఉన్నారనే చెబుతారు మేడమ్."

"ఎప్పుడెళ్లినానా?"

"ఎప్పుడెళ్లినా అంతేనండీ."

నర్సు డాక్టర్ వైపు చూసింది. డాక్టర్ ఉన్న చేతి తొడుగుల మీద ఇంకో జత తొడుక్కున్నాడు.

తలుపు తీస్తే లోపల ఎవరూ లేరు. స్నానాల గదిలోనూ లేరు. మంచం పక్కన మగవాళ్ల చెప్పులున్నాయి, లోపలి వైపు సిరాతో క్లిఫర్డ్ అని రాసి ఉంది. బల్ల మీద రెండు కప్పులున్నాయి, ఒకటి ఖాళీ, ఒకటి నిండుగా. భద్రత చూసే తాపా వచ్చాడు. గూర్ఖా పటాలంలో పనిచేసి వచ్చిన మనిషి, నవ్వడం ఎవరూ చూడలేదు. ఆ కేబిన్ ఎవరి పేరు మీద ఉందో కంప్యూటర్‌లో చూశాడు. ఒక్క మనిషి పేరే ఉంది. ఆడమనిషి.

"చెప్పులున్నాయి, మనిషి లేడు," అన్నాడు తాపా. "టికెట్టూ లేదు. పైగా అంటురోగం."

పైన మేవిస్‌కు కుర్చీ దొరికింది. అయితే టీ తెచ్చుకుందామని వెళ్లేసరికి ఫలహారాల దగ్గర ఎవరికి వారు వడ్డించుకునే గరిటెలన్నీ మాయమయ్యాయి. తొడుగులు వేసుకున్న మనుషులు ఒక్కో సాసేజీ లెక్కపెట్టి పెడుతున్నారు. గుమ్మం దగ్గర చేతుల మీద మందునీళ్లు పోయనిదే లోపలికి రానివ్వడంలేదు. మేవిస్‌కు విషయం ఇట్టే అర్థమైంది.

"ఎవడో కడుపు చెడ్డ సంగతి దాచి ఎక్కాడు," అని వరుసలో ముందు నిలబడినవాళ్లకు చెప్పింది. వెనకవాళ్లకూ చెప్పింది. "నేను ఎన్ని ఓడల్లో చూళ్లేదు! ఇలాంటివాళ్లని మొహమాటపడకుండా మొదటి రేవులోనే దించేయాలి. పెళ్లాన్ని కూడా. తెలిసే దాచి ఉంటుంది."

"బాగా చెప్పారు," అన్నారు అందరూ.

టీ తెచ్చుకుని కూర్చుని, ఒక గుటక వేసిందో లేదో, తల మీద మైకులో కెప్టెన్ గొంతు వినిపించింది.

"ప్రయాణికులకు మనవి. మిస్టర్ క్లిఫర్డ్ థ్రెల్‌ఫాల్ ఎక్కడున్నా వెంటనే రిసెప్షన్ దగ్గరికి రావాలి. మిస్టర్ క్లిఫర్డ్ థ్రెల్‌ఫాల్."

మేవిస్ కప్పు కింద పెట్టింది. ఆరేళ్లుగా ఆ పేరును ఆవిడ తప్ప ఇంకెవరూ పైకి అనలేదు. పింఛను వాళ్లూ, కరెంటు వాళ్లూ కూడా మానేశారు. ఇప్పుడు ప్రతి అంతస్తులో, ప్రతి నడవాలో, సముద్రం మీద గాలిలో ఆ పేరు మోగుతోంది. ఒక్క క్షణం, ఎంత బుద్ధి తక్కువ పనైనా సరే, ఆవిడ తల తిప్పి మెట్ల వైపు చూసింది, ఎవరైనా వస్తారేమోనని.

తర్వాత లేచి కిందికి వెళ్లింది. కుర్చీ పోయింది.

తాపా గదిలో ఆవిడ నిటారుగా కూర్చుంది. "మా ఆయన ఈ ఓడలో లేరు," అంది.

"ఆ మాట ఎవరైనా చెబుతారు మేడమ్. ఎక్కడ దాచారో చెప్పండి."

"చనిపోయారు."

తాపా రాస్తున్న కలం ఆపాడు. "ఎప్పుడు?"

"ఆరేళ్లయింది."

"ఇవాళ పొద్దున్న కడుపులో బాగోలేదన్నారుగా?"

అంతలో సాక్ష్యం చెప్పడానికి రోవీనా భర్త లెస్‌ను తీసుకొచ్చారు. లెస్ టోపీ చేత్తో పట్టుకుని, మేవిస్ వైపు చూడకుండా చెప్పాడు.

"ఆయన లోపలున్న మాట నిజమేనండీ. గోడ పక్కనే కదా, రాత్రిళ్లు వినబడుతుంది. ఈవిడ మాట్లాడుతూనే ఉంటారు. ఆయన ఒక్క ముక్క పలకడు. మా ఇంట్లో ఎలాగో అలాగే."

మేవిస్ మొహం ఎర్రబడింది. రాత్రిళ్లు తాను పైకే మాట్లాడుతున్నానన్న సంగతి ఆవిడకు అప్పటిదాకా తెలియదు.

ఈలోగా తాపా మనుషులు ఓడంతా గాలించి, పక్కన భార్య లేకుండా కనబడిన ప్రతి ముసలాయన్నీ నాట్యశాలకు పట్టుకొచ్చారు. మేవిస్‌ను అక్కడికి నడిపించారు. అద్దాల దీపాల కింద వాళ్లంతా గోడ పొడవునా వరుసగా నిలబడి ఉన్నారు.

"వీళ్లలో మీ ఆయన ఎవరో చూపించండి," అన్నాడు తాపా.

మేవిస్ వాళ్ల ముందుగా నడిచింది. చెయ్యెత్తు మనిషి ఒకడు కళ్లు దించుకున్నాడు. ఇంకొకాయన ఆవిడ దగ్గరికి వచ్చేసరికి కోటు గుండీ పెట్టుకుని ఛాతీ ముందుకు తెచ్చాడు. మూడో ఆయన దువ్వెన తీసి తల దువ్వుకుంటున్నాడు. ఇన్ని ప్రయాణాలు చేసిన ఆవిడకు ఓడలో ఇంతమంది ఒంటరివాళ్లు ఉంటారని తెలియదు. వీళ్లంతా రోజూ ఎక్కడ కూర్చుంటున్నారు? తనకు తెలియని మూలలు ఈ ఓడలో ఇంకా ఎన్నున్నాయి?

"ఎవరూ కాదు," అంది.

"నేనేనండీ," అన్నాడు వరుస చివర నిలబడిన పొట్టి మనిషి. "నేనే క్లిఫర్డ్‌ని. ఆవిణ్ణి వదిలెయ్యండి."

తాపా ఆయన మెడలో వేలాడుతున్న కార్డు చూశాడు. సెడ్రిక్ ఓల్డ్‌రాయిడ్, లీడ్స్.

"లీడ్సా?" అంది మేవిస్, అప్పటిదాకా పడ్డ అవమానమంతా మరిచిపోయి. "మా ఆయన యార్క్‌షైర్ మనిషా? ప్రెస్టన్‌వాళ్లకీ లీడ్స్‌వాళ్లకీ ఎన్నడైనా పడిందా? ఈ మాట ఆయన వింటే సమాధిలోంచి లేచొస్తారు! నువ్వెందుకయ్యా మధ్యలో?"

సెడ్రిక్ చెవులు రుద్దుకున్నాడు. "ఓడంతా ఆయన కోసం వెతుకుతోంది కదా. ఎవరో ఒకరు దొరికితే మీకు బాగుంటుందనిపించింది."

మేవిస్‌కు కోపం నిలవలేదు. పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయింది. తాపాతో, ఆ వరుసలో ఉన్న ముసలాళ్లందరూ వింటుండగానే, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. క్లిఫర్డ్‌కు నీళ్లంటే భయం. పెళ్లైన కొత్తలో పార్కు చెరువులో పడవెక్కి, చెరువు మధ్యకు రాకముందే వాంతి చేసుకున్నాడు. "కాపురం చేసినన్నాళ్లూ అడిగాను, ఒక్కసారి ఓడెక్కుదామని. ఎప్పుడూ వచ్చే ఏడాది అనేవారు. పోయాక నేనే తీసుకొచ్చాను. అప్పుడిక కాదనలేదు."

తాపా చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత అటెన్షన్‌లో నిలబడి, "క్షమించండి మేడమ్," అన్నాడు. ముసలాళ్లు ఒక్కొక్కరే బయటికి వెళ్లారు. సెడ్రిక్, సూప్ చల్లారిపోతుందంటూ అందరికంటే ముందు వెళ్లాడు.

అంతటితో సద్దుమణగాల్సింది. కానీ కెప్టెన్ మితభాషి. కాసేపటికి మైకులో ఆయన చెప్పింది ఇంతే. "మిస్టర్ క్లిఫర్డ్ థ్రెల్‌ఫాల్ కోసం వెతకడం ఆపేశాం. ఆయన చనిపోయినట్టు నిర్ధారణ అయింది. ఎవరూ ఆందోళన పడనక్కర్లేదు."

భోజనాల గదిలో పియానో ఆగిపోయింది.

మేవిస్ కేబిన్ చేరేసరికి తలుపు ముందు పూలగుత్తులు పేరుకుపోయి ఉన్నాయి, అన్నీ భోజనాల బల్లల మీద నుంచి తెచ్చినవే. లెస్ ఎవరో వెయిటర్ దగ్గర నల్ల టై అడిగి కట్టుకుని, డామినోల పెట్టె గుండెకు ఆనించుకుని నిలబడి ఉన్నాడు. రోవీనా వచ్చి మేవిస్ మెడను వాటేసుకుంది.

"పొద్దున్నే నేను వచ్చి చూసుంటే బతికేవారేమో!"

"అమ్మాయ్, నా మాట విను. ఆయన పోయి ఆరేళ్లయింది."

"అలాగే అనిపిస్తుందండీ," అంది రోవీనా వెక్కుతూ. "మా అమ్మ పోయినప్పుడూ అంతే. ఒక్క పూటలో ఏళ్లు గడిచిపోయినట్టుంటుంది."

మేవిస్ ఇంకో ఇద్దరు ముగ్గురికి చెప్పి చూసింది. వాళ్లు ఆవిడ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నారు. నడవాలో వరుస మెట్ల దాకా పాకింది. వరుస కనబడితే నిలబడకుండా ఉండలేని ఇంగ్లీషు జాతి కదా. క్లిఫర్డ్ అంత్యక్రియల రోజు ప్రెస్టన్‌లో కుండపోత వాన. పాదిరీ, క్లిఫర్డ్ చెల్లెలు, పొరపాటున ఇంకెవరి అంత్యక్రియలకో వచ్చిన ఒకాయన తప్ప ఎవరూ రాలేదు. మేవిస్ ఆ రోజు అందరికీ శాండ్‌విచ్‌లు పంచే పనిలో పడి ఏడవలేదు. మిగిలిన శాండ్‌విచ్‌లు వారమంతా తినాల్సి వచ్చింది.

ఇప్పుడు ఏడ్చింది. పూల మధ్య, మందునీళ్ల వాసన వస్తున్న నడవాలో, పేరు కూడా తెలియని మనుషుల చేతులు పట్టుకుని, ఆగకుండా ఏడ్చింది. వరుసలో చివర వచ్చిన పెద్దమనిషి, ఆయన ఎలా పోయారని మెల్లగా అడిగాడు.

"నిద్రలో," అంది మేవిస్. అది నిజమే.

"అదృష్టవంతుడు," అన్నాడాయన. "ఈ ఇంజిన్ మోతలో నాకైతే కన్ను మూతపడలేదు."

మర్నాడు మదీరాలో ఓడ ఆగింది. దిగడానికి అందరూ తోసుకుంటున్న చోటికి మేవిస్ చేతిసంచితో వచ్చింది. మాటలు ఆగిపోయాయి. టోపీలు చేతుల్లోకి వచ్చాయి. పలకరిస్తే ఏమనాలో తెలియనివాళ్లంతా రెండు పక్కలా గోడలకు అంటుకుపోయి, కొందరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, దారిచ్చారు. ఆవిడ తల వంచి అందరికీ కృతజ్ఞత తెలుపుతూ ఆ మధ్యలోంచి నడిచి, అందరికంటే ముందు దిగింది.

దారి మాత్రం కాస్త మరీ వెడల్పుగా ఇచ్చారు.