టమోటా దాయాదులు

పుంగనూరులో జరిగిన పూలమొక్కల ప్రదర్శనలో ఒక్క పువ్వయినా లేకపోవడం నిర్వాహకుల ముందుచూపుకు నిదర్శనమని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోనిది ప్రమీల ఒక్కతే. మొక్కలన్నీ తెచ్చింది ఆమే.

ప్రమీల మదనపల్లెలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్. అక్కడి నుంచి కుప్పం దాకా గట్లూ గుట్టలూ తిరిగి వంగ కుటుంబపు మొక్కలనూ, దానికి తోబుట్టువయిన తూటి కుటుంబపు మొక్కలనూ సేకరించింది. రంగు ఏదయినా, పరిమాణం ఎంతయినా, పువ్వు రేకులు ఒకదానికొకటి అతుక్కుని పుట్టడం వాటి చుట్టరికపు గుర్తు. కుండీలను ఆ వరసలోనే పేర్చింది: టమోటా, ఉమ్మెత్త, వంగ, మిరప, ఉర్లగడ్డ అనే బంగాళాదుంప, అవతలి బల్ల మీద తూటి, గెనుసుగడ్డ, బంగారుతీగ. పైన 'మేమంతా చుట్టాలం' అని బోర్డు కట్టింది. జనం ఆగి చూసి, అవునా అని నోరు తెరిస్తే చాలు, తను ఎండలో పడ్డ కష్టమంతా గిట్టుబాటయినట్టేనని ఆమె ఆశ.

ముందుగా నోరు తెరిచినవాడు ముఖ్య అతిథి, టమోటా వ్యాపారుల సంఘం అధ్యక్షుడు హనుమంతప్ప.

"ఏమ్మా, మా టమోటా పక్కన ఉమ్మెత్తను యాల పెట్టినావు? అది తింటే పిచ్చి లేస్తాది గదా!"

"రెండూ సుట్టాలే సార్. పువ్వు సూడండి, మీకే తెలుస్తాది."

"సుట్టరికముంటే ఇంట్లో పెట్టుకోవల్ల. సభలో సెప్పుకుంటారా ఎవురన్నా?"

మాట న్యాయంగానే ఉన్నందున అక్కడికక్కడే కమిటీ వేశారు. టమోటాను వేదిక ఎక్కించారు. ఉమ్మెత్తను గౌరవానికి లోటు రాకుండా గేటు బయట నీడపట్టున ఉంచారు. తమది ఘాటయిన వంశమనీ, ఎవరితోనూ పొత్తు కుదరదనీ మిరప తరఫువారు విన్నవించారు. కూరగాయల వ్యాపారి బాబు సాహెబ్ వంకాయ పక్షాన లేచి, "కిరీటం పెట్టుకోని పుట్టేది మా వంకాయ అప్పా, దాన్ని కింద పెడితే ఎట్ల?" అన్నాడు. వంకాయకు కుర్చీ వేశారు.

అయినా చిక్కు తీరలేదు. ఎంత దూరంగా జరిపినా పువ్వులు పోలిక మానలేదు. చివరికి హనుమంతప్పకే ఉపాయం తట్టింది.

"పువ్వుంటేనే గదా పోలిక? తెంపేస్తే పాయె!"

తెంపేశారు. అడ్డుపడబోయిన ప్రమీల దోసిట్లోనే పువ్వులన్నీ పోశారు. వాటిని కింద పడెయ్యడానికి మనసొప్పక ఆమె చాలాసేపు అలాగే నిలబడింది.

ప్రథమ బహుమతి బంగారుతీగకు వచ్చింది. దానికి ఆకు లేదు, నేలలో వేరు లేదు, పక్క మొక్క రసం తాగి పెరుగుతుంది. "దీనికి ఎవురితోనూ పేచీ లేదు. పేరులోనే బంగారముండాది!" అంటూ హనుమంతప్ప దానికి శాలువా కప్పాడు. వైవిధ్యమే మన బలమనీ, మనమంతా ఒకే తల్లి బిడ్డలమనీ ప్రసంగించాడు.

ఆపైన భోజనాలు. టమోటా, వంకాయ, మిరప, ఉర్లగడ్డ ఏ కమిటీ అనుమతీ లేకుండా ఒకే సాంబారులో కలిసి ఉడికాయి. తినేవాళ్లు మాత్రం షామియానా కింద ఎవరి జట్టుగా వాళ్లు సర్దుకున్నారు. ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. ప్లేటు పట్టుకుని నిలబడ్డ ప్రమీలను హనుమంతప్ప ఆప్యాయంగా పలకరించాడు.

"యాల నిలబడుకోనుండావమ్మా? అదో, మీవాళ్లు ఆడ కూర్సోనుండారు సూడు."

ఆయనతో ఆమెకు ఆ ఉదయమే పరిచయం. పేరు తప్ప ఇంకేమీ చెప్పుకోలేదు. ఇన్ని మొక్కలను పరీక్షించినా, ఒక్క చూపులో కుటుంబం తేల్చే నేర్పు ప్రమీలకు ఇంకా పట్టుబడలేదు. ఆ విద్య ఏ కాలేజీలోనూ చెప్పరు. చెప్పనక్కర్లేదు, మనందరికీ వచ్చు.