ముందస్తు భద్రత

సెక్స్ వర్కర్ల భద్రత కోసం, చట్టబద్ధమైన హక్కుల కోసం ప్రాణమైనా ఇస్తానని పార్టీ నాయకుడు భాస్కర్ మేడ్చల్‌లో ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించాడు.

ప్రాణం ఎవరూ అడగలేదు. వాళ్ల సంఘం నడిపే దుర్గాబాయి అడిగింది వేరే. సంఘంలోని వినోదను హైవే పక్క సర్వీసు రోడ్డు మీద ఎవడో కొట్టి చెయ్యి విరగ్గొట్టాడు. ఠాణాలో ఆ ఫిర్యాదు తీసుకునేలా చూడమంది.

"గేటు కాడికెల్లే తరుముతున్నరన్నా. మీలాంటోళ్లకు కేసేంది అంటున్నరు. నువ్వొక్క ఫోన్ కొట్టు."

ఫోన్ కొట్టడం చిన్న నాయకుల పని. భాస్కర్‌ది పెద్ద ఆలోచన. తాత పొలం దున్నాడు, తండ్రి దాన్ని ప్లాట్లు చేసి అమ్మాడు, భాస్కర్ పక్కవాళ్లది కూడా అమ్మాడు. ఆ ఇంట్లో ఆలోచన తరతరానికీ పెరుగుతూ వచ్చింది.

"ఫోన్ కొడితే వినోదొక్కదానికే న్యాయమైతదక్కా. మహాసభ పెడితే మీ అందరికైతది. షామీర్‌పేటల ఫంక్షన్ హాల్ మాట్లాడిన. మంత్రి సాబ్ వస్తుండు."

"అప్పటిదాక దాని చెయ్యి గట్లనే ఆగాల్నా?"

"కట్టు మాత్రం ఇప్పకుర్రి. స్టేజీ మీద మస్తు కనిపిస్తది."

ఫ్లెక్సీ దగ్గర చిన్న చిక్కొచ్చింది. 'సెక్స్' అన్న మాట పక్కన సారు ఫొటో బాగుండదని మంత్రి పీఏ అన్నాడు. ఆ మాట తీసేస్తే 'వర్కర్ల మహాసభ' మిగిలింది. సభ రోజు పొద్దున్నే అల్వాల్ నుంచి, మచ్చ బొల్లారం నుంచి తాపీమేస్త్రీలు, వెల్డర్లు లేబర్ కార్డులిస్తారనుకుని వచ్చేశారు. హాలు నిండింది. ఏ ఉద్యమానికైనా కావలసింది అదే.

దానికి ముందురోజే ఎస్సై ఫోన్ చేశాడు. మంత్రి వస్తున్నాడంటే ఠాణాకొక ఆనవాయితీ ఉంది. ఆయనకు ఎవరైనా గోడు చెప్పుకునే ప్రమాదముంటే, వాళ్లను తెల్లారగానే తెచ్చి కూర్చోబెడతారు. దాన్ని ముందస్తు అరెస్టు అంటారు.

"అన్నా, మంత్రి సాబ్‌కు సమస్యలు జెప్పుకునేటోళ్లు ఎవరన్నా వస్తున్నరా?"

"ఎందుకు రారు? మస్తుమంది వస్తరు!" అని భాస్కర్ ఛాతీ విరుచుకుని, దుర్గాబాయితో మొదలుపెట్టి సంఘంలో అందరి పేర్లూ చెప్పాడు.

సభలో మంత్రి కూర్చున్నాడు. వేదిక ముందు సంఘం ఆడవాళ్లకని ఉంచిన వరస మాత్రం ఖాళీ. భాస్కర్ పరేషానయి దుర్గాబాయికి ఫోన్ చేశాడు.

"ఏడున్నరక్కా? మంత్రి సాబ్ వచ్చిండు."

"ఠాణాల ఉన్నమన్నా. పొద్దుగాలనే జీపెక్కించుకొచ్చిండ్రు."

"లోపలనా?"

"లోపల్నే. చాయ్ గూడ పోసిండ్రు."

భాస్కర్ సంతోషించాడు. "ఇంకేంది మరి! లోపలికే రానిస్తలేరంటివి గదా. ఇగ ఫిర్యాదు ఇచ్చెయ్."

అవతల ఎస్సై గొంతు ఫోన్లో వినబడుతూనే ఉంది. "అరెస్టయినోళ్ల తాన ఫిర్యాదు ఎట్ల తీస్కుంటమమ్మా? బయటికెల్లి వచ్చి ఇయ్యాలె."

"అయితే బయటికి పోనీయి సారూ. గిట్ల పోయి గట్ల వస్తం."

"మంత్రి సాబ్ పోయేదాక బయటికి పోరాదు."

చట్టం ఇంత పకడ్బందీగా ఉంటుందని భాస్కర్‌కు అంతవరకూ తెలియదు. గౌరవం కలిగింది.

మంత్రి మైకందుకున్నాడు. "భయం వద్దు. బాధపడ్డ ఆడబిడ్డ ఒక్కరున్నా లేచి చెప్పండి."

ఎవరూ లేవలేదు. లేబర్ కార్డు సంగతి అడుగుదామని ఒక మేస్త్రీ సగం లేచాడు గాని, భాస్కర్ కళ్లతోనే కూర్చోబెట్టాడు.

"చూశారా? ఒక్క ఫిర్యాదు లేదు! ఇదీ భద్రతంటే!" అన్నాడు మంత్రి. హాలు దద్దరిల్లింది. భాస్కర్‌కు శాలువా పడింది.

మంత్రి కాన్వాయ్ వెళ్లాక భాస్కర్ మిగిలిన బిర్యానీ ప్యాకెట్లు తీసుకుని ఠాణాకు వెళ్లాడు. అప్పుడే ఆడవాళ్లను వదిలారు. దుర్గాబాయి వినోదను పట్టుకుని గేటు దాటింది, అక్కడే వెనక్కి తిరిగింది. సెంట్రీ లాఠీ అడ్డం పెట్టాడు.

"మళ్లెందుకు?"

"బయటికెల్లి వచ్చినం గదా. ఫిర్యాదు తీస్కోర్రి."

ఎస్సై బయటికొచ్చి భాస్కర్ వైపు నొచ్చుకుంటూ చూశాడు. "నువ్వే జెప్పన్నా. ఒక్క ఫిర్యాదు లేదని మంత్రి సాబ్ మైకుల జెప్పె. ఇప్పుడు నేను రాసుకుంటే ఆయన మాట ఏం గావాలె?"

భాస్కర్‌కు గుండె బరువెక్కింది. తన మెడలోని శాలువా తీసి వినోద భుజం మీద, కట్టు కనబడకుండా కప్పాడు.

దుర్గాబాయి అతని వైపు తిరిగింది.

"మళ్ల మంత్రిని ఎప్పుడు తెస్తవన్నా?"

"ఎందుకక్కా?"

"ఆయనొస్తెనే గదా మమ్ముల లోపలికి రానిచ్చేది."

భాస్కర్ కళ్లు చెమర్చాయి. ఇంతటి ఆదరణ అతను ఊహించలేదు. అక్కడికక్కడే విలేఖరులకు ఫోన్ చేసి, బాధిత మహిళలే స్వయంగా కోరినందున త్వరలో రెండో మహాసభ, ఈసారి మేడ్చల్‌లో, ఇంకా పెద్ద ఎత్తున జరుపుతున్నట్టు ప్రకటించాడు.

పక్కనే ఉన్న ఎస్సై జేబులోంచి పెన్ను తీశాడు.

"పేర్లు జెప్పన్నా."