దున్నపోతుకు బొట్టు

ఇంటికి ఒక ల్యాప్‌టాప్ తెస్తే అది వస్తువు. రెండు తెస్తే పంచాయితీ. ఆ పంచాయితీలో వాదించేదీ నేనే, తీర్పు చెప్పేదీ నేనే అనుకున్నాను చూడండి, అక్కడే పప్పులో కాలేశాను.

మాది అమరచింత. మా ఆవిడ ఉమ చీరల అంచులకు డిజైన్లు గీస్తుంది. కంప్యూటర్ మీద గళ్లు గళ్లుగా గీసి పంపితే, ఆ గళ్ల లెక్క ప్రకారమే మగ్గం మీద నెమళ్లూ హంసలూ లేస్తాయి. నేను విత్తనాల గోదాములో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగిని. అక్కడ బస్తాలు మోసేవాళ్లు నన్ను ‘ఇంజినీరు సారు’ అంటారు. నేను ఇంజినీరును కాను. కానీ వాళ్ల మాట ఎందుకు కాదనాలి?

పోయిన వారం ఉమ పాత ల్యాప్‌టాప్ కన్నుమూసింది. సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి ఒక చీరల షాపువాళ్లు కబురు పెట్టారు. ఆదివారం పొద్దుగుంకేలోగా ఒక అంచు గీసి పంపాలి. నచ్చితే ఇక మీదట వాళ్ల పనంతా ఉమకే. ఆలస్యమైతే మాత్రం గద్వాలలో ఇంకొకాయన కాచుకుని కూర్చున్నాడు. ఏళ్ల తరబడి ఉమ ఎదురుచూసిన పని అది. అందుకే తన చీటీ డబ్బు నా చేతిలో పెట్టి, “మంచిది చూసి పట్కరా” అంది.

వనపర్తిలో రామచంద్రయ్య మామకు కంప్యూటర్ల షాపు ఉంది. మా అమ్మకు తమ్ముడి వరుస. తాతలనాడు వాళ్లది చీరల దుకాణం. సరుకు మారింది గానీ పద్ధతి మారలేదు. వెనకట చీరలు కొనేవాళ్లకు రెండు మూడు ఇంటికి పంపేవారు. ఇంటిల్లిపాదీ చూసి ఒకటి ఉంచుకుని మిగతావి వాపసు చేసేవారు. బొట్టు పెట్టిన చీరకు మాత్రం వాపసు లేదు. బొట్టు పడిందంటే అది ఆ ఇంటిదైపోయినట్టే. మామ ల్యాప్‌టాప్‌లు కూడా ఇలాగే అమ్ముతాడు.

“రెండు తీస్కపో అల్లుడా. ఒకటి ఉంచుకోండ్రి, ఇంకోటి పొద్దుమీకి నేనే వచ్చి తీస్కపోత. గీత పడొద్దు,” అన్నాడు.

అలా ఆదివారం పొద్దున్నే రెండూ మా ఇంట్లో బల్ల మీదికెక్కాయి. ఒకటి వెండిరంగుది, సన్నది. చంకలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియదు. ఒకసారి ఛార్జింగు పెడితే పొద్దంతా నిలుస్తుంది. రోజువారీ పనికి చేసింది. రెండోది నల్లది, మందంగా ఉంటుంది. మూత తెరిస్తే అక్షరాల కింద ఎర్ర దీపాలు వెలుగుతాయి. దాని ఛార్జరే ఒక ఇటుకంత ఉంటుంది. ఆటలకు చేసింది. దాన్ని చూసినప్పటి నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

మీ దగ్గర దాపరికమెందుకు, నాకు ఆటల పిచ్చి. నేనూ, శ్రీశైలమూ, ఇంకో ఇద్దరమూ కలిసి ‘పాలమూరు పులులు’ అని ఒక జట్టు పెట్టుకున్నాం. యుద్ధాల ఆట. ఇన్నాళ్లూ ఫోన్లో ఆడుతూ అందరి చేతుల్లోనూ చస్తూ వచ్చాం. శ్రీశైలం చచ్చిన ప్రతిసారీ “నెట్టు ల్యాగ్ అయింది” అంటాడు కాబట్టి వాడి పేరు ల్యాగ్ శ్రీశైలం. ఆ ఆదివారం సాయంత్రమే నాగర్‌కర్నూల్ జట్టు ‘నల్లమల నాగులు’తో పోటీ. దున్నపోతు లాంటి ఆ యంత్రం ఉంటే నాగుల కోరలు పీకేస్తానని జట్టుకు మాటిచ్చాను.

దున్నపోతు అన్నది నా మాట కాదు. మా అమ్మ జములమ్మ పెట్టిన పేరు. సన్నదానికి సన్నమ్మ అని పెట్టింది.

“ఏమయ్యా, ఒకటి తెమ్మంటే రెండు తెచ్చినవేంది?” అంది ఉమ.

“పోల్చి సూడొద్దా? వస్తువు కొనేటప్పుడు నాలుగు తీర్ల సూడాలె.”

“గా నల్లది ఏం జేస్తది?”

“ఏదన్న జేస్తది.”

“అన్నం వండుతదా?”

అప్పుడే దున్నపోతు ఫ్యాను మొదలైంది. “అన్నం సంగతి తెల్వదు గని, పిండి పడుతది. గిర్ని సప్పుడు వస్తున్నది,” అంది అమ్మ.

“ఛార్జింగు ఎంతసేపుంటది?” ఉమ వదలలేదు.

“వైరు పెట్టుకుంటే ఎంతసేపన్న ఉంటది.”

“మరి గంత బరువేంది?”

“బరువున్న వస్తువుకే విలువ.”

“గందుకేనా నువ్వు పొట్ట పెంచుతున్నవ్?”

అమ్మ నవ్వింది. ఉమ సన్నమ్మను ముందుకు లాక్కుంది. “నా పనికి గిదే సాలు. దున్నపోతును తోలేయ్,” అని అంచు గీయడం మొదలుపెట్టింది.

పులులకు ఏం మొహం చూపించాలి?

మధ్యాహ్నం నల్లా వచ్చింది. మా వీధిలో నల్లా వస్తే ఎంత పనున్నా బిందె పట్టుకుని పరుగెత్తాల్సిందే. ఉమ అలాగే లేచి పోయింది. సన్నమ్మ తెరిచే ఉంది. చుట్టూ చూశాను. నాలుగు వీడియోలు ఒకేసారి తెరిచాను. అది చాలదన్నట్టు ఒక పెద్ద అప్‌డేట్ కూడా మొదలుపెట్టాను. ఉమ వచ్చేసరికి సన్నమ్మ నత్తలాగా నడవాలి, “ఇది పనికిరాదయ్యా” అని ఆమె నోటితోనే రావాలి. నా పథకం అంతే.

కానీ సన్నమ్మ నత్తలాగా నడవలేదు. టపీమని ఆగిపోయింది. తెరంతా నీలంగా మారి, మధ్యలో ఒక గుండ్రటి చుక్కల వరుస తిరగడం మొదలుపెట్టింది. అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు అని కింద రాసి ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఉమ బిందె దించి తెర చూసింది.

“నా అంచేది?”

“లోపలే ఉంటది.”

“నేను సేవ్ జేయలే. నీళ్లొచ్చినయని ఉరికిన. ఏం జేసినవయ్యా?”

“నేనేం జేయలే. గదే జేసుకుంటున్నది.”

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. కుర్చీలో కూలబడి, తిరుగుతున్న ఆ చుక్కలనే చూస్తూ ఉండిపోయింది. ఎండ అప్పటికే గడప దాటి లోపలికి వాలింది. పొద్దున్నుంచీ గీసిన సగం అంచు పోయింది, పొద్దుగుంకడానికి ఎంతోసేపు లేదు. నాకు నిజంగా భయం వేసింది. చేసిన పనికి నా మీద నాకే అసహ్యం వేసింది.

అయితే భయం ఒక పక్క ఉండగానే బుద్ధి ఇంకో పక్క పని చేస్తూ ఉంటుంది. నా బుద్ధి అలాంటిది.

“ఉమా, పరేషాన్ గాకు. దున్నపోతు మీద గీయి,” అన్నాను. ఆమె దున్నపోతును దగ్గరికి లాక్కుని, పెన్‌డ్రైవ్ పెట్టి, తన సాఫ్ట్‌వేర్ ఎక్కించడం మొదలుపెట్టింది. నేను మెల్లగా వంటింట్లోకి పోయాను. పని అయిపోయాక సాయంత్రం మామ వస్తాడు. అప్పుడు ఉమ “సన్నమ్మే ఉండనీ” అంటే? ముందే ఖాయం చేసుకోవాలి.

“అమ్మా, కొత్త మిషను మీద మంచి పని మొదలువెడుతున్నది. బొట్టు పెట్టవా?”

“పెడితే మల్ల వాపసుండదు కొడుకా.”

“ఉండకపోతే ఏమాయె?”

అమ్మ పూజ అంటే అరకొరగా చేయదు. నాన్న నేసే రోజుల్లో దసరాకు మగ్గానికి ఎలా చేసేదో అలాగే చేసింది. దున్నపోతు మూతకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపువ్వు పెట్టి, నేను వద్దు వద్దనేలోపే అక్కడే బండ మీద కొబ్బరికాయ కొట్టింది. నీళ్లు లేచాయి. అవి కీబోర్డు మీదికి పోకుండా నేను అడ్డం పడ్డాను. నా బనియను తడిసి ముద్దయింది.

“అత్తమ్మా, గిదేంది?” అంది ఉమ.

“నీ మొగుడే చెయ్యమన్నడు బిడ్డా.”

ఉమ నా వంక కాసేపు చూసింది. “మంచిది,” అంది. ఆ ఒక్క మాటతో నాకు కొండెక్కినంత సంబరమైంది.

ఆమె పెట్టె తెరిచి అమ్మ పెళ్లిచీర తీసింది. ఆ పాత అంచులోని నెమలినే కొత్త అంచులోకి తెస్తోంది. “ఒక్కదాన్నే చీర చూసుకుంట గీస్తే పొద్దుగుంకుతది. నువ్వు చీర పట్టుకో. వరుసలు చదువు. నేను గీస్త,” అంది.

నేను చీర ఒళ్లో పెట్టుకుని, అమ్మ కళ్లజోడు తగిలించుకుని పోగు పోగూ చదవడం మొదలుపెట్టాను. అప్పుడే ఫోను మోగింది. శ్రీశైలం.

“అన్నా, జల్ది రా. నాగులు దిగిండ్రు!”

“రెండు ఎరుపు, ఒకటి వదులు.”

“ఎవన్ని వదలాలె అన్నా?”

“నాలుగు పచ్చ. నెమలి కాలు.”

“అన్నా, జరమొచ్చిందా నీకు?”

“పచ్చ నాలుగా, అయిదా?” అని ఉమ అరిచింది. చూస్తే నా వేలు జారిపోయింది. వరుస మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వచ్చింది. అమ్మ వచ్చి నా చేతిలోంచి ఫోను లాక్కుని బియ్యం డబ్బాలో పడేసింది. బియ్యంలోంచి కూడా శ్రీశైలం అరుపులు కాసేపు వినిపించాయి. పులులు ఒక్కొక్కటే చస్తున్నట్టున్నాయి.

ఎండ గోడ మీదికి ఎక్కింది. ఉమ వేళ్లు ఆగడం లేదు. నేను చదువుతున్నాను, ఆమె గీస్తోంది. అంతలో ఆమె చేయి ఆగింది.

“ఏమయ్యా, నెమలికి మూడు కాళ్లు వచ్చినయ్.”

మగ్గం మీదికి తప్పు పోతే చీర నిండా మూడు కాళ్ల నెమళ్లే. ఎక్కడ తప్పానో నాకు తెలియదు. అమ్మ నా పక్కన కూర్చుని, వేలితో పోగు పట్టి చూపించింది. నేను ఒకే వరుసను రెండుసార్లు చదివాను. ఉమ ఆ కాలు తీసేసి మళ్లీ గీసింది. తిట్టడానికి కూడా ఆమెకు తీరిక లేదు.

ఒక నెమలి పూర్తయ్యాక దున్నపోతు తన బలం చూపించింది. గిర్ని చప్పుడు చేస్తూనే ఉంది గానీ, ఒక్క నొక్కుతో అంచు పొడవునా నెమళ్లు నిలబడ్డాయి. రంగులు మారిస్తే రెప్పపాటులో మారాయి. పాత ల్యాప్‌టాప్ అయితే ఈ పాటికి మూడుసార్లు మూర్ఛపోయేది. పక్కనే సన్నమ్మ చుక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

ఉమ పంపే బొత్తాం నొక్కింది. నెట్టు మెల్లగా పాకుతోంది. బయట వెలుతురు ఎర్రబడింది. ముగ్గురమూ తెరకు కళ్లప్పగించి కూర్చున్నాం. సగం దగ్గర ఆగింది. అమ్మ దండం పెట్టింది. మళ్లీ కదిలింది. చివరికి పోయింది.

జవాబు వచ్చి ఫోను మోగగానే ఉమ చదివింది. ‘అంచు చాలా బాగుంది. కొంగు కూడా మీరే గీయండి. ఇక నుంచి మా పని మీకే.’ ఆమె చదవడం ఆపి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అమ్మ ఆమె తల నిమిరింది. నాకూ కళ్లు చెమర్చాయి, చెప్పడానికి సిగ్గెందుకు?

అంతా అయిపోయింది కదా అని నేను కుర్చీ లాక్కుని దున్నపోతు మీద చేయి వేశాను. ఇంకొక ఆట ఆడుకోవచ్చు.

చెయ్యి మీద దెబ్బ పడింది. అమ్మ.

“కాళ్లు కడుక్కున్నవా?”

“కాళ్లెందుకమ్మా, చేతులతోటి కద ఆడేది.”

“ఆడేదా? పూజ జేసిన పనిముట్టు మీద ఆటలా? మీ నాయిన ఉన్నన్నాళ్లు మగ్గం గుంటల ఎవడన్న కాలు పెట్టిండా? పనిజేసేటోళ్లు తప్ప ఎవరూ ముట్టొద్దు. ఉమ పేరు చెప్పి కొబ్బరికాయ కొట్టిన. నువ్వు చెప్తేనే కొట్టిన.”

అదే సమయానికి రామచంద్రయ్య మామ వచ్చాడు. దున్నపోతు మీది బొట్టు చూసి, సన్నమ్మను తీసుకుని సంచిలో పెట్టుకున్నాడు. ఉమ వైపు తిరిగి మెచ్చుకున్నాడు.

“నువ్వన్నట్టే అయింది బిడ్డా. ‘నల్లది కూడ పంపు మామా, మా ఆయన చూస్తే వదలడు’ అని ఫోన్ల చెప్తివి గద.”

ఉమ చీర మడత పెడుతూ అంది:

“కొంగు డిజైను మొత్తం ఒక్కసారి తెరవాలంటే గసొంటి మిషనే కావాలె. నేను అడిగితే నువ్వేమంటుంటివి? ‘గది ఆటల మిషను, చీరలకెందుకు, సన్నది సాలు’ అంటుంటివి. ఇంజినీరు సారువు గద. గందుకే తోలేయమన్న.”

సరిగ్గా అదే మాట అనేవాణ్ణి. అక్షరం కూడా తేడా ఉండేది కాదు.

“అన్నీ అనుకున్నట్టే జరిగినయ్. నా సగం అంచు మింగుతవని మాత్రం అనుకోలే,” అంది. నేను తల దించుకున్నాను. తప్పు అయిందన్నాను. ఆమె వెంటనే క్షమించలేదు. రేపటి నుంచి కొంగు పూర్తయ్యేదాకా వరుసలు చదివే పని నాదేనని చెప్పింది, కాళ్లు కడుక్కుని మరీ కూర్చోవాలట.

బియ్యం డబ్బాలో ఫోను మళ్లీ మోగింది. తీసి, గింజలు దులిపి చెవిన పెట్టుకున్నాను.

“ఓడిపోయినమన్నా. నెట్టు ల్యాగ్ అయింది,” అన్నాడు శ్రీశైలం. ఆ వెంటనే ఆశగా అడిగాడు. “సరే గని, ఆటలకు ఏది మంచిగున్నది? సన్నదా, నల్లదా?”

“నల్లదే మస్తుగుంటదంట తమ్మీ,” అన్నాను. “మా ఇంట్ల ఇంకా ఎవ్వరూ ఆడలే.”