కనీసం ఇద్దరు

పరాయి ఊళ్ళో, హోటల్లో, ఒక్కరే కూర్చుని భోంచేయడం కంటే పెద్ద వరం ఈ లోకంలో లేదు! నమ్మరు కదూ? మీరు బహుశా కుటుంబ సమేతంగా, బావమరుదులతో సహా తినే దురదృష్టవంతులై ఉంటారు.

నా మాట వినండి. నేను జెనోవా నుంచి బయల్దేరి ఊరూరా తిరిగి పియానోలు శ్రుతి చేసే మనిషిని. ముప్ఫై ఒక్కేళ్ళ సర్వీసు. ఇటలీ మొత్తంలో నేను ఒంటరిగా తినని ఊరు లేదు. ఈ విషయంలో ఎవరైనా నాకు డాక్టరేట్ ఇవ్వాలి. ఇవ్వరు, అది వేరే సంగతి.

ముందుగా సీటు సంగతి. హాలంతా ఖాళీగా ఉన్నా సరే, ఒంటరి మనిషి కోసం ఒక టేబుల్ ప్రత్యేకంగా అట్టేపెడతారు. టాయిలెట్ తలుపు పక్కన! ఎంత ముందుచూపు! ఊళ్ళో పెద్దమనుషులంతా ఏదో ఒక వేళకు అటు రావలసిందే కదా. టొరీనోలో ఒక జడ్జిగారు నన్ను వెళ్ళేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి పలకరించారు. కోర్టుకెక్కినా అంత మర్యాద దొరుకుతుందా?

ఆ తర్వాత సన్మానం. "ఒక్కరేనా?" అని వెయిటర్ వీధి చివరికి వినబడేలా అడుగుతాడు. అవుననగానే ఎదుటి గ్లాసు, ప్లేటు, ఫోర్కు, చాకు ఒక్కొక్కటే తీసేస్తాడు. జనం మాటలాపి మరీ చూస్తారు. పార్మాలో ఒకావిడ నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం బ్రెడ్ తుంచుకుంటున్నాను.

ఇక "ఒక్క ముక్క రుచి చూస్తా" అంటూ నా ప్లేట్లో వేలు పెట్టేవాళ్ళుండరు. ఇంతకన్నా ఏం కావాలంటారా?

పనిస్సా కావాలి.

వెర్చెల్లి వాళ్ళ వంటకం అది. బియ్యం, బీన్స్ గింజలు, సలామీ ముక్కలు, ఎర్ర వైన్ వేసి, పొయ్యి దగ్గర నిలబడి కలుపుతూనే వండాలి. రైలు వెర్చెల్లి చేరేదాకా రెండు పక్కలా వరిమళ్ళే. ఊరంతా బియ్యం మీదే బతుకుతుంది. అలాంటి ఊళ్ళో మెనూ తెరిస్తే పనిస్సా పక్కన చిన్న అక్షరాల్లో, "కనీసం ఇద్దరికి"! ఇరవై రెండుసార్లు ఆ ఊరు వెళ్ళాను. ఇరవై రెండుసార్లూ పాస్తా తిని తిరిగొచ్చాను.

పోయిన నెల వెళ్ళింది ఇరవై మూడోసారి, ఆఖరిసారి. అక్కడి సంగీత పాఠశాల వాళ్ళు శ్రుతి చేయనక్కర్లేని ఎలక్ట్రిక్ పియానోలు కొనేశారు. ఇక నాకు ఆ ఊళ్ళో పని లేదు. ఇప్పుడు తినకపోతే ఈ జన్మకు లేదన్నమాట.

"ఇద్దరిదీ నేనే తింటాను, పట్టుకురండి" అన్నాను వెయిటర్‌తో. ఉల్దెరీకో అని, నెరిసిన మీసాల పెద్దాయన.

"కుదరదు సిన్యోరా. అక్కడ రాసింది ఇద్దరు మనుషులని, రెండు ప్లేట్లని కాదు. మీరు సగం వదిలేస్తే మా వంటావిడ నన్ను వదలదు!"

అప్పుడు నోరు జారాను. "మా ఆయన వస్తున్నాడు. కారు పార్క్ చేస్తున్నాడు."

నాకు ఆయనా లేడు, కారూ లేదు.

ఉల్దెరీకో ముఖం వెలిగిపోయింది. తీసేసిన గ్లాసు, ప్లేటు తిరిగొచ్చాయి. నన్ను లేపి తీసుకెళ్ళి కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. మరి పనిస్సా?

"ఆయన్ని రానివ్వండి. మనిషి కుర్చీలో కూర్చున్నాకే మా బియ్యం పొయ్యెక్కుతుంది. చల్లారింది వడ్డిస్తే మా తాత సమాధిలోంచి లేచొచ్చి తంతాడు!"

ఇక చూడండి! ఆ రోజు సంత. హాలు హాలంతా నా కారు మీద పడింది.

"సంత రోజు కారేసుకొస్తారా ఎవరైనా? బుద్ధుండక్కర్లా!" అన్నాడొకాయన.

"స్టేషన్ వెనక చూడమనమ్మా, ఖాళీ ఉంటుంది" అన్నాడింకొకాయన.

నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని లేని మొగుణ్ణి నాలుగు తిట్టాను. బాగానే అనిపించింది. నలభై నిమిషాలయ్యాక పక్క టేబుల్ ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఇలాంటివాణ్ణే మా అక్క వదిలేసింది. నువ్వూ వదిలెయ్ తల్లీ, మంచి వయసులో ఉన్నావు."

నాకు యాభై ఎనిమిది.

అంతలో చేతిలో బ్యాగుతో ఒక మనిషి గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూశాడు. ఉల్దెరీకో ఒక్క ఉరుకు ఉరికాడు.

"వచ్చారా మహానుభావా! ఆవిడ ఆకలితో చస్తోందక్కడ! క్లేలియా, ఇద్దరికి పనిస్సా!" అంటూ వంటింటి వైపు కేకేశాడు.

ఆ మనిషి నా వంక చూశాడు. పనిస్సా అన్న మాట విన్నాడు. గుటక వేశాడు. తిన్నగా వచ్చి నా ఎదురుగా కూర్చుని, "పార్కింగ్ దొరకలేదే, నన్నేం చెయ్యమంటావ్!" అని గట్టిగా విసుక్కున్నాడు. హాలంతా ఊపిరి పీల్చుకుంది.

తర్వాత ముందుకు వంగి, "మీ పేరేమిటండీ?" అన్నాడు మెల్లిగా.

"ఫియోరెంజా."

"నేను గ్వాల్తియేరో. తూకం యంత్రాలు తనిఖీ చేస్తుంటాను. తొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళో పాస్తా తింటున్నాను."

పనిస్సా వచ్చింది. పొగలు కక్కుతూ వచ్చింది. ఇద్దరం ప్లేట్ల మీద పడ్డాం. నిజం చెప్పొద్దూ, మొదటి ముద్దకే నాకు ఏడుపొచ్చినంత పనైంది, అంత బాగుంది. సగమయ్యేసరికి ఆయనగారు ఉప్పు తగ్గిందన్నాడు. కాసేపటికి నా ప్లేట్లోంచి సలామీ ముక్క ఫోర్కుతో లాగేశాడు! ముప్ఫై ఏళ్ళ కాపురం ఒక్క భోజనంలో పూర్తిచేసి, రైలుకు టైమైందని వెళ్ళిపోయాడు. ముసలావిడ నా వంక చూసి, "నే చెప్పలా?" అంది.

వంటావిడకు ఒక మంచిమాట చెబుదామని వంటింట్లోకి వెళ్ళాను. క్లేలియా పొయ్యి పక్కన నిలబడి చిన్న గిన్నెలోంచి ఏదో తింటోంది. అదీ పనిస్సానే. సరిగ్గా ఒక్క మనిషికి సరిపడా!

"ఇది ఒక్కరికి కూడా వండొచ్చా?"

"ఎందుకు వండకూడదూ? ఎందరికైనా అదే ఇరవై నిమిషాలు."

"మరి మెనూలో ఇద్దరికని రాశారే?"

"భలేదానివే! ఒక్క మనిషి కోసం ఇరవై నిమిషాలు గరిటె ఎవరు తిప్పుతారమ్మా?"

"ఇప్పుడు మీరు తిప్పారుగా!"

క్లేలియా నన్నొక వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "నాకు ఆకలేసింది కదా మరి!"

కాబట్టి పాఠకులారా, ఒంటరిగా తినేవాళ్ళ మీద జాలిపడకండి. ఆ జాలి మీ దగ్గరే ఉంచుకోండి. మాకూ ఆకలేస్తుందన్న సంగతి ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.