సారవ్వ చేతి నీళ్ళు

ఆ ఉదయం మొగిలి బొగ్గుబావిలో ఫస్టు షిఫ్టుకు పోయే ముందు చిక్కుడు గింజలకు బెల్లంనీళ్ళు పట్టించి, వ్యవసాయాఫీసులో ఇచ్చిన నల్లపొడి అద్ది, చేటలో పోసి వసారా నీడన ఆరబెట్టాడు.

"గీ పొడిల కంటికి కానరాని జీవాలుంటయ్. చెట్టుకు తిండి పెడ్తయ్, వేరుకు రోగం రానియ్యయ్. డ్యూటీ దిగి నాటుత. చెయ్యి పెట్టకు" అని భార్య అనసూర్యకు ఒకటికి రెండుసార్లు చెప్పి సైకిలెక్కాడు.

అనసూర్య ఆ జీవాల మీద గంపెడాశ పెట్టుకుంది. నిరుడు తీగ ఎండిపోయినప్పుడే అత్త సారవ్వ తేల్చి చెప్పింది, ఈసారీ పందిరి నిండకపోతే పెరట్లో బర్రెను కట్టాల్సిందేనని. బర్రె వస్తే అది అత్తది, పాలు మొగిలివి, పేడ మాత్రం అనసూర్యది.

ఆమె నీళ్ళకు నల్లా దగ్గరకు పోయి వచ్చేలోపు సారవ్వ చేటను చూసింది. ఆ క్వార్టర్లలో దుప్పటి నుంచి పెరుగు గిన్నె దాకా బొగ్గుదుమ్ము పడని వస్తువు లేదు. నల్లగా కనబడిందల్లా కడిగెయ్యడం కాపురానికొచ్చిన నాటి నుంచీ సారవ్వకు అలవాటు.

"ఏంది పిల్లా, గింజలకు గింత మసి పట్టేదాక సూస్తవా? సుబ్బరంగ కడిగి, నీళ్ళు గోడవతల పారబోసిన" అంది.

అనసూర్య చేట అందుకుంది. నిజం చెబితే, బర్రె కోసం కావాలనే కడిగిందని మొగిలి తల్లి మీద ఎగురుతాడు. మిగిలిన పొడి పెట్టెలో ఉంది, తాళంచెవి మొగిలి జేబులో ఉంది, మొగిలి భూమి కింద ఉన్నాడు. ఆమె గింజలకు మళ్ళీ బెల్లంనీళ్ళు పట్టించి, పొయ్యి పక్కన రాలిన బొగ్గుపొడి అద్దింది. రంగులో రవ్వంత తేడా లేదు.

మొగిలి వచ్చి ఆ గింజలే నాటాడు. నెల తిరిగేసరికి తీగ కామెర్లు వచ్చినట్టు పాలిపోయింది. గోడవతల పక్కింటి ఇమాంబీ పెట్టిన చిక్కుడు, మొన్నటిదాకా వడలి ఉన్నది, పందిరి దాటి కప్పెక్కింది.

మొగిలి గోడ దగ్గరకు ఉరికి ఇమాంబీ మొగుణ్ణి కేకేశాడు. "పాషాభాయ్! మా జీవాలు మాకియ్యి!"

"ఏం జీవాలు? కోళ్ళా, మేకలా?" అన్నాడు చాంద్ పాషా.

"కంటికి కానరావు."

"కానరానియి పోయినయని నీకెట్ల తెల్సింది భాయ్?"

"అల్లా కసం, గిది తప్ప మీదేదీ మా ఇంట్ల లేదు" అంటూ ఇమాంబీ ఎప్పటిదో పచ్చడిగిన్నె తెచ్చి గోడమీద ఠక్కున పెట్టింది.

క్వార్టర్ల లైను లైనంతా బయటికొచ్చింది. "రేపే బర్రెను తోలుకొస్త" అంది సారవ్వ. అనసూర్య ఇక ఆగలేకపోయింది.

"జీవాలను ఎవ్వలెత్కపోలే! అత్త కడిగి గోడవతల పోసింది. నేను బొగ్గుపొడి అద్దిన."

మొగిలి నోరు తెరిచేలోపే సారవ్వ ఇమాంబీ పందిరి వైపు తేరిపార చూసింది. "అంటే గదంత నేను పోసిన నీళ్ళకేనా?"

అందరూ ఆ పందిరి వైపు తిరిగారు.

"నా చేతుల గింత గుణముంటే బర్రె ఎందుకురా?" అంది సారవ్వ.

మర్నాటి నుంచి లైన్లోని ఆడవాళ్ళు గింజల చేటలు పట్టుకుని, సారవ్వ చేతి నీళ్ళు చల్లించుకోవడానికి ఆమె ముందు కూర్చోసాగారు. మొదటి చెంబు నీళ్ళు మాత్రం ఆమె కొడుకు తీగకే పోసింది. భార్య అడక్కుండానే మొగిలి, పొడి ఉన్న పెట్టె తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. రోజూ అత్త లేవకముందే ఆ నీళ్ళ బకెట్టు నింపే పని అనసూర్యది.

నీళ్ళు అంత నల్లగా ఎందుకున్నాయని ఆ క్వార్టర్లలో ఎవరూ అడగలేదు.